నెత్తిన చెయ్యి

మొన్న శుక్రవారం మా అమ్మాయిని సెయిలింగ్ క్యాంపులో దింపడానికి బయల్దేరుతుంటే నాన్న కూడా వస్తానన్నారు. ఆయనా అమ్మా విజిట్ వీసా మీద ఇక్కడికొచ్చి కొన్నాళ్ళయింది. ఒకప్పుడు ఇదే బహ్రెయిన్‌లో సగం జీవితం డ్యూటీ చేసిన మనిషి, ఇప్పుడు నా ఫ్లాట్‌లో టీవీ రిమోట్ ఎక్కడుందో అడిగి తీసుకునే చుట్టమయ్యారు. అందుకని ఎవరు ఎక్కడికి బయల్దేరినా చెప్పులేసుకుని తలుపు దగ్గర సిద్ధంగా ఉంటారు.

క్యాంపు వాళ్ళు పిల్లల్ని ఇసకలో వరసగా కూర్చోబెట్టి నియమాలు చెప్తున్నారు. ఈల వినపడగానే చేస్తున్న పని ఆపాలి. చెప్పిన మాట గట్టిగా తిరిగి చెప్పాలి. పడవ తిరగబడితే పడవని వదిలి ఈదకూడదు. నా కూతురి వయసులో నేను విన్నవే ఇవన్నీ, ఒక్క ముక్క మారలేదు. చివర్లో అక్కడ నేర్పే అమ్మాయి, కాలేజీ దాటి ఉండదు, అరచెయ్యి తీసి నడినెత్తిన పెట్టుకుని, "నీళ్ళలోంచి పైకి రాగానే ఇలా పెట్టాలి. మీరు బాగున్నారని దూరంగా ఉన్న మాకు అప్పుడే తెలుస్తుంది" అంది. పిల్లలంతా నవ్వుతూ నెత్తిన చేతులు పెట్టుకున్నారు. మాది సరదా పడి రెండు చేతులూ పెట్టుకుంది.

నాన్న మొహం అటు తిప్పుకున్నారు. ఆయనకీ గుర్తొచ్చిందని నాకు తెలిసింది. నేనేమీ అనలేదు, ఆయనా ఏమీ అనలేదు. మా ఇంట్లో ముందునుంచీ అదే పద్ధతి.

నేను వెళ్ళిన క్యాంపు ఇప్పుడు లేదు. క్యాంపు మాట అలా ఉంచండి, ఆ సముద్రమే లేదు. మట్టి పోసి, రాళ్ళు పోసి దాన్ని అంత దూరం నెట్టేశారు. మా పడవలు తిరగబడ్డ చోట ఇవాళ జనం కార్లు పెట్టుకుని సినిమాకి వెళ్తున్నారు. ఎప్పుడైనా ఆ పార్కింగ్‌లో కారు దిగితే నాకు తెలియకుండానే గాలి పీలుస్తాను. ఏసీ గొట్టాల వేడి తప్ప ఏ వాసనా రాదు. అప్పుడు మాత్రం అక్కడ కారు తలుపు తియ్యగానే ఎండిన నాచు, మోటారు బోటు డీజిలు, పడవలకి పూసిన వార్నిషు, పెద్దవాళ్ళు కూర్చునే పందిరి కింద నించి యాలకుల కాఫీ, అన్నీ కలిసి ముక్కుకి తగిలేవి. ఉత్తరం నించి శమాల్ గాలి వీస్తే వాటన్నిటి మీదా సన్నటి ఇసక.

మమ్మల్ని అక్కడ చేర్పించింది నాన్నే. సెలవులు మొదలయ్యాయి, అమ్మకి క్లినిక్‌లో డ్యూటీ, ఇంట్లో నేనూ అన్నయ్యా కొట్టుకు చస్తున్నాం. "సముద్రం సంగతి తర్వాత, ముందు మీకు క్రమశిక్షణ వస్తుంది" అన్నారు నాన్న. ఆయన లెక్కలో క్రమశిక్షణ అంటే చప్పుడు చెయ్యకపోవడం. నేను ఆ విషయంలో అప్పటికే గట్టిదాన్ని. మా ఇంటికొచ్చినవాళ్ళు "పిల్ల ఉందో లేదో కూడా తెలియదండీ" అని మెచ్చుకునేవాళ్ళు. అది మెచ్చుకోలని నేనూ నమ్మేదాన్ని.

క్యాంపులో ఆ మెచ్చుకోలు చెల్లలేదు. మాకు నేర్పే పెద్దాయన బహ్రెయినీ. ఆటలు నేర్పేవాళ్ళని ఇక్కడ కాప్టెన్ అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. పొట్టిగా కత్తిరించిన తెల్లగడ్డం, మెడలో ఈల, కాళ్ళకి చెప్పులుండవు. ఆయన ఎవర్నీ కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. తప్పు చేస్తే ఈల ఊది, వేలితో ఒడ్డు చూపించేవాడు. "ఖలాస్. నేల మీదికి." అంతే. ఆ రోజుకి పడవ లేదు. లైఫ్ జాకెట్ విప్పకుండా ఎండలో నిలబడి, మిగతావాళ్ళు తెచ్చిన పడవలకి గొట్టంతో మంచినీళ్ళు పట్టి ఉప్పు కడగాలి. పడవకి ఇద్దరం కాబట్టి ఒకరు తప్పు చేస్తే ఇద్దరికీ నేలే. నా జోడీ ముహర్రక్ ఊరి పిల్ల. ఉంగరాల జుట్టు, నోరు గట్టిది. మాటకి ముందు యల్లా, అంటే పద పద, మాట తర్వాత యల్లా.

మొదటి రోజే అన్నయ్యకి నేల పడింది. ఒక ఇంగ్లీషు అబ్బాయి బూటులో చిన్న పీత పెట్టాడు. పడవలు కడుగుతూ కూడా గొట్టం నోట్లో పెట్టుకుని పక్కవాడి మీద ఊశాడు, మర్నాడూ నేలే. వాడికి అదేమీ బాధ కాదు. నాకు మాత్రం పడవ కావాలి. ఎందుకంటే ఆ పడవలో నేను అరవాలి. "తిప్పుతున్నాను" అని అరిస్తే గాని చుక్కాని తిప్పకూడదు, తలొంచమని అరిస్తే గాని తెరచాప అటు మళ్ళించకూడదు. ఇంట్లో టీవీ సౌండు పెంచమని అడగడానికి జంకే దాన్ని, అక్కడ గొంతు చించుకుంటే కాప్టెన్ తలూపేవాడు. నాకో గొంతుందని నాకు తెలిసింది ఆ నీళ్ళ మీదే.

ఆ ఏడాదే తాతగారు పోయారు. నాన్న వెళ్ళి, కర్మ చేసి, వస్తూ మామ్మని వెంటబెట్టుకొచ్చారు. ఏడాది తిరక్కుండా ఆవిణ్ణి గడప దాటించడమేమిటని కాకినాడలో అత్త గొడవ పెట్టుకుందిట. చోటు మారితే మనసు మారుతుందని నాన్న వాదన. నాన్న విమానం దిగి ఇంటికెళ్ళేసరికి మామ్మ నెత్తిన రెండు చేతులూ పెట్టుకుని నట్టింట్లో కూర్చునుందిట. నాన్న దగ్గరికెళ్ళి ఆ చేతులు పట్టుకుని దించి, "ఊరుకో అమ్మా, నలుగురూ చూస్తున్నారు" అన్నారట. ఆ తర్వాత ఆవిడ ఎవరి ముందూ ఏడవలేదు. ఇవన్నీ చాలా ఏళ్ళ తర్వాత అత్త చెప్తే తెలిసినవి.

మాకు కనిపించిన మామ్మ వేరు. తెల్లారకుండా లేచి స్నానం చేసి, ఉతికిన నేత చీర కట్టుకుని, సోఫాలో ఒక చివర్న ఎవరింటికో పనిమీద వచ్చినట్టు కూర్చునేది. నాన్న ఆవిడకి నియమాలు చెప్పారు. బెల్లు మోగితే తలుపు తియ్యకు. బాల్కనీలోంచి కిందికి నీళ్ళు పోయకు. ఘాటు వంటలు చెయ్యకు. పిల్లల ముందు ఏడవకు, జడుసుకుంటారు. గట్టిగా మాట్లాడకు, గోడలు పల్చన. మామ్మ అన్నిటికీ "అలాగే నాన్నా" అంది. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని చాలాసేపు ఉండేది. బయటికొచ్చాక కళ్ళు ఎర్రగా ఉండేవి. సబ్బు పడిందనేది.

ఒక్కసారే మాట తప్పింది, అదీ మాకోసమే. సూట్‌కేసులో తెచ్చిన ఊరమిరపకాయలు నూనెలో వేయించింది. ఆ ఘాటుకి అంతస్తు అంతస్తంతా దగ్గు. పొగ గంట మోగింది. వాచ్‌మన్ భాయ్ బకెట్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మా క్యాంపు ఈల కబుర్లు రోజూ వింటున్న మామ్మ గరిటె పట్టుకుని, "ఏవిటే, ఇంటిక్కూడా ఈల వేస్తారా ఇక్కడ?" అని అడిగింది. నేనూ అన్నయ్యా కడుపు పట్టుకుని నవ్వాం. నాన్నకి నవ్వు రాలేదు. ఇంక ఒంటరిగా ఇంట్లో వదలడానికి లేదని, పొద్దున్నే మాతో పాటు ఆవిణ్ణీ క్యాంపు దగ్గర దింపి డ్యూటీకి వెళ్ళడం మొదలుపెట్టారు.

అలా మామ్మ ఆ పందిరి కిందికి చేరింది. అక్కడ తల్లులు కూర్చునేవాళ్ళు. పందిరికీ నీళ్ళకీ మధ్య తెల్లరాళ్ళ వరస ఉండేది, పెద్దవాళ్ళు అది దాటి రాకూడదు. అదీ క్యాంపు నియమమే. మామ్మ రాళ్ళకి ఇవతల ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో మా పెరుగన్నం స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చునేది. నా జోడీ వాళ్ళమ్మ రోజూ ఫ్లాస్కుతో పాలటీ, యాలకులూ కుంకుమపువ్వూ వేసి నూనెలో కాల్చిన చిన్న చిన్న రొట్టెలూ తెచ్చేది. మామ్మకి పెట్టేది. గుడ్డు కలుస్తుందని అనుమానం కాబట్టి మామ్మ తినదు. కాదంటే ఆవిడ నొచ్చుకుంటుందని రెండు చేతులా పుచ్చుకుని, కొంగున కట్టి, మాకిచ్చేది. "మీ మామ్మకి ఇవంటే ఎంతిష్టమో" అని ఆవిడ మర్నాడు ఇంకో రెండు ఎక్కువ తెచ్చేది. నేనూ అన్నయ్యా ఎవరికీ చెప్పలేదు. నోరు తెరిస్తే రొట్టెలు పోతాయి కదా.

ఒకరోజు మామ్మ నన్ను దగ్గరికి పిలిచి అడిగింది.

"ఏమే, మీ తాతగార్ని గోదాట్లో కలిపారు కదా. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

"సముద్రంలోకి మామ్మా."

"ఈ సముద్రవేనా?"

"అది వేరు. కానీ అన్నీ కలిసే ఉంటాయిట. టీచర్ చెప్పింది."

మామ్మ సముద్రం వైపు చూసి, "అయితే వస్తారన్నమాట" అంది. నేను తల ఊపి పడవ దగ్గరికి పరిగెత్తాను.

తర్వాత పడవ తిరగేసే పాఠం వచ్చింది. కావాలని పడవని ఒక పక్కకి పడేసి, నీళ్ళలో మునిగి, పైకి తేలి, పడవని పట్టుకుని, నెత్తిన అరచెయ్యి పెట్టాలి. కాప్టెన్ దూరంగా మోటారు బోటులో ఉంటాడు. చెయ్యి కనపడితే సరే. చెయ్యి ఊపితే ఆపదన్నమాట. ఏదీ కనపడకపోతే ఇంకా పెద్ద ఆపద.

నేను మునిగాను, తేలాను. నోట్లో ఉప్పు, కళ్ళలో మంట. చెయ్యి ఎత్తాను. ఎదురుగా ఒడ్డు మీద మామ్మ. నా చెయ్యి చెవి దగ్గర ఆగిపోయింది.

మా ఇళ్ళలో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎండకో ఆలోచనకో ఊరికే నెత్తిన చెయ్యి పెట్టుకున్నా ఎవరో ఒకరు చటుక్కున లాగేస్తారు. నన్నయితే మామ్మే ఎన్నిసార్లో కసిరింది, "తియ్ చెయ్యి, ఎవరు పోయారని?" అని. అప్పుడు ఎవరూ పోలేదు కాబట్టి కసిరింది. ఇప్పుడు పోయారు. పోయినాయన భార్య అక్కడ కూర్చుని నన్నే చూస్తోంది. ఆవిడ కళ్ళ ముందు నేను నెత్తిన చెయ్యి ఎలా పెట్టుకుంటాను?

మోటారు బోటు రొద చేసుకుంటూ వచ్చేసింది. కాప్టెన్ వంగి నా జాకెట్ పట్టుకుని, నేను బాగానే ఉన్నానని చూసుకుని, ఈల ఊదాడు. నేల. నా జోడీ పడవలు కడుగుతున్నంతసేపూ నాతో మాట్లాడలేదు. చివరికి, "నీకు చెయ్యి లేదా?" అంది. ఏం చెప్పను? మా ఇంట్లో ఒకరు పోయారని చెప్పాలి, అది చెప్పకూడదని మాకు కట్టడి. ఇంటి మాటలు బయట అనకూడదు, బయటి మాటలు మామ్మ దగ్గర అనకూడదు. నోరు మూసుకుని గొట్టం పట్టుకున్నాను.

మర్నాడూ అంతే అయింది. ఈసారి కాప్టెన్ నన్ను పక్కకి పిలిచి, ఇసకలో నాకెదురుగా గొంతుకూర్చున్నాడు. "నువ్వు మంచి పిల్లవి. కానీ చెయ్యి కనపడకపోతే నువ్వు బతికున్నావో లేదో నాకు తెలియదు. అలాంటి పిల్లని నేను నీళ్ళలోకి పంపలేను. రేపు కూడా ఇదే చేస్తే మీ నాన్నకి ఫోన్ చేస్తాను, నువ్వు ఇంట్లో ఉందువుగాని" అన్నాడు. నేను ఎప్పట్లా చప్పుడు చెయ్యకుండా ఏడిచాను. ఆయన దానికీ ఒప్పుకోలేదు. "విన్నది తిరిగి చెప్పు" అన్నాడు. వెక్కుతూ తిరిగి చెప్పాను.

ఆ సాయంత్రం మామ్మ నాకు జడ వేస్తూ, "రోజూ నువ్వే కడుగుతావేం పడవలు?" అని అడిగింది. మంచం మీద బోర్లా పడుకున్న అన్నయ్య పుస్తకంలోంచి తలెత్తకుండా అన్నాడు, "నీ మూలానే మామ్మా. నీళ్ళలోంచి పైకొచ్చి నెత్తిన చెయ్యి పెట్టాలి. నువ్వు చూస్తావని పెట్టట్లేదు. రేపు పెట్టకపోతే తీసేస్తారు దీన్ని."

జడ పాయలు లాగే చేతులు కాసేపు ఆగాయి. మళ్ళీ అల్లడం మొదలైంది.

"పెట్టకపోతే ఏవనుకుంటారే వాళ్ళు?"

"నేను మునిగిపోయాననుకుంటారు."

మామ్మ రిబ్బను బిగించి, జడ చివర సరిచేసి, "లే, వెళ్ళి చదువుకో" అంది. మంచిదనీ అనలేదు, వద్దనీ అనలేదు. నేను అద్దంలో ఆవిడ మొహం చూద్దామనుకున్నాను, అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు గాలి ఎక్కువగా ఉంది. కాప్టెన్ మమ్మల్నే మొదట పంపి, అన్నయ్యని తనతో మోటారు బోటు ఎక్కించుకున్నాడు. నా జోడీ పడవెక్కుతూ, "ఇవాళ పెడతావా?" అని అడిగింది. "చూస్తాను" అన్నాను. నిజంగా నాకే తెలియదు. పడవ తిప్పాం, పక్కకి వాలాం, తెరచాప నీళ్ళ మీద చరిచినట్టు పడింది. మునిగాను. కింద ఆకుపచ్చగా, చల్లగా, ఎవరి నియమాలూ లేనట్టుంది. తేలాను. పడవ అంచు పట్టుకున్నాను. ఒడ్డు వైపు చూడకూడదని ఒట్టేసుకున్నదాన్ని, చూశాను.

కుర్చీ ఖాళీగా ఉంది. మామ్మ తెల్లరాళ్ళ వరస దాటేసింది. చీర కుచ్చిళ్ళు తడుస్తున్నా పట్టించుకోకుండా నీళ్ళ అంచున నిలబడింది. పెరుగన్నం డబ్బా ఇసకలో పడుంది. మామ్మ కుడి అరచెయ్యి నడినెత్తిన ఉంది.

నాకు చూపిస్తోంది. ఇదిగో నేను పెట్టాను, నువ్వూ పెట్టవే అని. నేను చెయ్యి ఎత్తి నెత్తిన పెట్టాను. మోటారు బోటులోంచి కాప్టెన్ బొటనవేలు పైకెత్తాడు. నా జోడీ నీళ్ళలో ఎగిరి కేక పెట్టింది. నేను నవ్వాను కూడా. ఆ నవ్వుకి ఇవాళ్టికీ సిగ్గుపడతాను. ఎందుకంటే నేను నవ్వుతుండగానే మామ్మ రెండో చెయ్యి కూడా పైకి లేచింది.

తర్వాత ఆవిడ గొంతు వినపడింది. ముందు సన్నగా, తర్వాత పైకి, ఇంకా పైకి. చెవుల్లో నీళ్ళు, పక్కనే తెరచాప టపటపలు, బోటు ఇంజను. ఒక్క మాట తెలియలేదు, గొంతు మాత్రం వస్తూనే ఉంది. నా జోడీ అటు చూసి, "మీ మామ్మ పాడుతోందా?" అని అడిగింది. మా వైపు ఆడవాళ్ళు ఏడిస్తే రాగం ఉంటుంది. పోయినవాళ్ళతో మాట్లాడుతూ, జరిగినవీ జరగనివీ వాళ్ళకి చెప్పుకుంటూ ఏడుస్తారు. ఆవిడ ఇంట్లో ఏడవలేనిదంతా, కుళాయి చప్పుడు కింద దాచుకున్నదంతా, ఆ నీళ్ళకి ఎదురుగా నిలబడి ఏడుస్తోంది.

నేను ఈదుకుంటూ వెళ్ళిపోదామనుకున్నాను. పడవని వదలకూడదు. పడవ అడుగున ఉండే పలక మీద కాలు పెట్టి పడవని నిలబెట్టాలి, లోపలి నీళ్ళు తోడాలి, తెరచాప సర్దాలి, వరుస తప్పకుండా ఒడ్డుకి రావాలి. నేను అన్నీ చేశాను. తిప్పుతున్నానని గట్టిగా అరిచాను కూడా. నా అరుపులో ఆవిడ మాటలు ఇంకా వినపడకుండా పోయాయి.

ఒడ్డుకి చేరేసరికి అయిపోయింది. నా జోడీ వాళ్ళమ్మ మామ్మని తన నల్ల అబాయాలోకి పొదువుకుని ఇసకలో కూర్చునుంది. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి. సీసాలో నీళ్ళతో మామ్మ మొహం కడిగి, తన తలముసుగు అంచుతో తుడిచింది. మామ్మ నన్ను చూసి జడ పిండి, "తల తుడుచుకో, జలుబు చేస్తుంది" అంది. చీర తడిసి కాళ్ళకి అంటుకుపోయింది. డబ్బాలోని పెరుగన్నం ఆ రోజు కాకులకి పెట్టాం.

కాప్టెన్ ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాడు. మంచి మనసుతోనే చేశాడు. "మీ అమ్మగారు చాలా బాధలో ఉన్నట్టున్నారు, ఒకసారి చూసుకోండి" అన్నాడట. నాన్నకి అది బడినించి వచ్చిన కంప్లయింటులా వినపడింది. ఫోన్ పెట్టేశారు. తర్వాత మామ్మ పక్కన సోఫాలో కూర్చుని, ఎంతో మెల్లిగా అన్నారు.

"నలుగురిలో అలా ఏడిస్తే ఎలాగమ్మా?"

"తప్పే నాన్నా."

"ఇక్కడ నీకు తోచట్లేదు. కొన్నాళ్ళు కాకినాడలో అక్క దగ్గరికి వెళ్తావా?"

"నీ ఇష్టం నాన్నా."

అంతే మాటలు. అరుపులు లేవు, అలకలు లేవు. అరిచి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. వీసా గడువు చాలా ఉంది. అయినా ఆ వారంలోనే టికెట్ వచ్చింది. ముహర్రక్ ఎయిర్‌పోర్టులో నాన్న ఆవిడకి మళ్ళీ జాగ్రత్తలన్నీ చెప్పారు. పాస్‌పోర్టు సంచీలోంచి తియ్యకు, ఎవరైనా ఏమైనా ఇస్తే పుచ్చుకోకు, దిగాక అక్క కనపడేదాకా కదలకు. మామ్మ ప్రతి మాటకీ తలూపింది. నాకు మాత్రం అన్నిటికీ తలూపే ఆ మామ్మ నచ్చలేదు. చీర కుచ్చిళ్ళు తడుపుకుని రాళ్ళు దాటిన మామ్మే కావాలనిపించింది. నా బుగ్గలు పుణికి, లోపలికి వెళ్ళిపోయింది. ఏడవలేదు.

నన్ను క్యాంపులో ఉంచారు. చివరి రోజు పందెంలో నేనూ నా జోడీ మూడో పడవగా వచ్చాం. నా జోడీ వాళ్ళమ్మ రొట్టెలు తెచ్చింది, మామ్మ కోసం రెండు ఎక్కువే తెచ్చింది. మామ్మ ఊరెళ్ళిపోయిందని అన్నయ్య చెప్తే, ఆవిడ ఆ రెండూ మళ్ళీ డబ్బాలో పెట్టేసుకుంది. మేం అడగలేదు.

తర్వాతి వానాకాలంలో మామ్మ అత్త వాళ్ళింట్లోనే నిద్రలో పోయింది. నాన్న వెళ్ళారు, వచ్చారు. వచ్చిన మర్నాడు మామూలుగా టై కట్టుకుని డ్యూటీకి వెళ్ళారు. మేమూ బడికి వెళ్ళాం. ఆ ఇంట్లో మామ్మ పేరు చెప్పి ఎవరం ఎప్పుడూ ఏడవలేదు. ఏడవకూడదని మాకు ఆ సంవత్సరమే బాగా నేర్పారు.

మొన్న క్యాంపు నించి తిరిగొస్తున్నప్పుడు నాన్న ముందు సీట్లో నా పక్కన కూర్చున్నారు. సిగ్నల్ దగ్గర కారు ఆగాక, నా వైపు తిరక్కుండా అడిగారు.

"ఆ రోజు మీ మామ్మ ఏమని ఏడిచిందే?"

ఇన్నేళ్ళలో ఆయన ఆ సంగతి ఎత్తడం అదే మొదలు.

"నాకు వినపడలేదు నాన్నా. నీళ్ళలో ఉన్నాను."

"నన్నేవైనా అందా?"

ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. నీ పేరు చెప్పి దీవించిందనో, తాతగార్నే పిలిచిందనో అంటే ఆ ముసలిప్రాణం కాస్త కుదుటపడేది. నాకు నోరు రాలేదు. ఆవిడ మాటలు ఆవిడవి, వాటి బదులు నావి పెట్టలేకపోయాను.

"తెలియదు నాన్నా."

"ఇంకెవరికైనా వినపడి ఉంటుందా?"

"అన్నయ్య బోటు ఇంజను పక్కనున్నాడు. ఒడ్డు మీద ఉన్నవాళ్ళందరికీ వినపడింది. కానీ ఒక్కళ్ళకీ తెలుగు రాదు."

నాన్న తలూపారు. బయట ఎండ మండుతున్నా, ఏసీ చల్లగా ఉందని, అద్దం దించమన్నారు.